కాంబో: ఒళ్లు కాల్చి కప్ప విషం పూస్తారు.. వాంతులైతే 'శుద్ధి' అంటారు! అసలేంటీ ట్రీట్‌మెంట్?

భుజం మీదో, మడమ పైనో వరసగా ఐదారు చిన్న చిన్న కాలిన మచ్చలు. పక్కన ఓ బకెట్, లీటర్ల కొద్దీ నీళ్లు. ఉబ్బిపోయిన మొహాలు.. ఆగకుండా వాంతులు. సోషల్ మీడియాలో వెల్‌నెస్ రిట్రీట్ల వీడియోలు చూసేవాళ్లకు ఇలాంటి దృశ్యాలు కొత్తేం కాదు. దీని పేరే కాంబో. అమెజాన్ అడవుల్లో బతికే ఓ కప్ప ఒంటి మీద నుంచి తీసిన స్రావాన్ని, కాల్చిన చర్మం మీద పూయడమే ఈ 'ట్రీట్‌మెంట్'. ఒంట్లోని విషాలన్నీ కడిగేసినట్టు పోతాయని, డిప్రెషన్ నుంచి మత్తు అలవాట్ల దాకా అన్నీ తగ్గిపోతాయని దీన్ని చేయించేవాళ్లు చెబుతుంటారు.

మరోవైపు ఆస్ట్రేలియా దీన్ని ప్రమాదకరమైన విషాల జాబితాలో పెట్టి నిషేధించింది. ఆ కప్ప పుట్టిల్లయిన బ్రెజిల్ అయితే 2004లోనే దీని ప్రచారానికి బ్రేక్ వేసింది. కొందరి ప్రాణాలు కూడా పోయాయి. మరి తరతరాలుగా అడవి బిడ్డలు వాడుతున్నది నగరాలకు వచ్చేసరికి ఇంత వివాదం ఎందుకైంది? ఆ స్రావంలో అసలేముంది? వివరాల్లోకి వెళ్తే..

కొమ్మ పట్టుకుని కోతిలా నడిచే కప్ప

ఈ కప్ప శాస్త్రీయ నామం ఫిల్లోమెడుసా బైకలర్. ఇంగ్లిష్‌లో జెయింట్ మంకీ ఫ్రాగ్ అంటారు. మన చెరువు గట్ల మీద గెంతే కప్పలా ఉండదు ఇది. చెట్ల మీదే దీని కాపురం. కోతిలాగా ఒక్కో కొమ్మనూ చేత్తో పట్టుకుని నిదానంగా నడుస్తుంది. పైన ముదురాకుపచ్చ, కింద లేత రంగు. పెద్దవైతే 12 సెంటీమీటర్ల దాకా ఉంటాయి. బ్రెజిల్, పెరూ, కొలంబియా, బొలీవియాల్లోని అమెజాన్ అడవులతో పాటు గయానా ప్రాంతంలోనూ కనిపిస్తుంది. నీటి మీదకు వంగిన కొమ్మల్లో ఆకును మడిచి అందులో గుడ్లు పెడుతుంది. అవి పగిలాక తోకకప్పలు నేరుగా కింద నీళ్లలో పడతాయి.

ఈ కప్పకు పళ్లు, కోరలు, పరుగు.. ఏవీ పెద్దగా లేవు. ఉన్నదల్లా చర్మమే. ఎవరైనా పట్టుకుంటే చర్మంలోని గ్రంథుల నుంచి తెల్లగా, జిగటగా ఓ ద్రవం ఊరుతుంది. నోట కరుచుకున్న జంతువుకు దాంతో చుక్కలు కనిపిస్తాయి. అంటే ఇది కప్ప తనను తాను కాపాడుకోవడానికి తయారు చేసుకున్న ఆయుధం. ఈ ఒక్క మాట గుర్తుంచుకుంటే మిగతాదంతా తేలిగ్గా అర్థమవుతుంది.

స్రావం సేకరించే పద్ధతి కూడా చిత్రంగానే ఉంటుంది. రాత్రిపూట వేటగాళ్లు ఈ కప్ప అరుపును అనుకరిస్తూ వెళ్లి దాన్ని కనిపెడతారు. చెట్టు మీద నుంచి దించి, నాలుగు కాళ్లకూ నాలుగు తాళ్లు కట్టి పుల్లల మధ్య చాచి పెడతారు. సన్నటి పుల్లతో చర్మం మీది ద్రవాన్ని గీరి తీసి, ఆ పుల్ల మీదే ఆరబెడతారు. తర్వాత కప్పను వదిలేస్తారు. చంపితే అరిష్టమని నమ్మేవాళ్లూ ఉన్నారు. ఎండిన స్రావం చాలా రోజుల పాటు పనిచేస్తుంది.

వేటగాడికి పట్టిన 'శని' వదిలించడానికే..

పెరూ, బ్రెజిల్ సరిహద్దుల్లో యవారీ నది పరివాహకంలో ఉండే మట్సేస్ తెగ, బ్రెజిల్‌లోని అక్రే రాష్ట్రంలో ఉండే కటుకినా, కషినావా, యవనావా తెగలు.. వీళ్లందరికీ ఈ కప్పతో తరాల అనుబంధం. ఒక్కొక్కరు ఒక్కో పేరుతో పిలుస్తారు. కంపో, కాంబో అన్నది కటుకినాలు, వారి పొరుగు తెగల మాట. పెరూ వైపు స్పానిష్‌లో 'సాపో' అంటారు. బ్రెజిల్‌లో పోర్చుగీసు మాట్లాడేవాళ్లు దీన్ని ఏకంగా 'కప్ప టీకా' అనే అర్థం వచ్చే పేరుతో పిలుస్తారు.

అయితే వీళ్లెవరూ దీన్ని మనం అనుకునే 'డిటాక్స్' కోసం వాడలేదు. ప్రధానంగా వేట కోసమే వాడారు. వరసగా నాలుగు రోజులు అడవికి వెళ్లి ఉత్త చేతులతో తిరిగొచ్చిన వేటగాడికి 'పనేమా' పట్టిందంటారు. మన దగ్గర 'శని పట్టింది' అంటారు చూడండి, కాస్త అలాంటిదే. కాకపోతే దీనికి దురదృష్టం ఒక్కటే కాదు.. బద్ధకం, నీరసం, ఏ పనీ చేయబుద్ధి కాకపోవడం, జంతువులకు దూరం నుంచే వాసన పట్టుబడిపోవడం, ఇవన్నీ అందులో కలిసే ఉంటాయి. కాంబో పూసుకుని, వాంతులు చేసుకుని, ఓ నిద్ర తీసి లేచాక పనేమా వదిలిపోతుందని, కళ్లు, చెవులు చురుగ్గా పనిచేస్తాయని, ఆకలీ దాహం లేకుండా గంటల తరబడి అడవిలో నడవగలరని వారి నమ్మకం. జ్వరాలకు, పాము కాటుకు కూడా కొందరు వాడతారు.

ఎలా పూస్తారంటే.. సన్నటి తీగ కొసను నిప్పులో కాల్చి, ఆ రగిలే కొసతో చర్మం మీద చుక్కలు చుక్కలుగా అంటిస్తారు. పైపొర కాలిపోతుంది. దాన్ని గోరుతో తీసేసి, నీళ్లతోనో ఉమ్మితోనో తడిపిన కప్ప స్రావాన్ని ఆ చుక్కల మీద పెడతారు. కటుకినాల్లో మగవాళ్లకు చేతుల మీద, ఛాతీ మీద పెడితే, ఆడవాళ్లకు ఎక్కువగా కాళ్ల మీద పెడతారు. పిల్లలకు, ఆడవాళ్లకు చుక్కల సంఖ్య తక్కువ. పేరున్న వేటగాళ్లు మాత్రం పదుల సంఖ్యలో పెట్టించుకునేవాళ్లు.

ఇక్కడ ఆసక్తికరమైన విషయం ఒకటుంది. కటుకినాల్లో ఈ పని చేసేది మంత్రగాడో, వైద్యుడో కాదు. మంచి వేటగాడు. పూసేవాడి గుణాలు పూయించుకునేవాడికి వస్తాయని నమ్మకం. అందుకే బద్ధకస్తుడి చేత ఎవరూ పూయించుకోరు. ఎవరు మంచివాడో, ఎవరు సోమరో ఊరంతటికీ తెలుసు కాబట్టి ఈ లెక్క అక్కడ కుదిరింది. నగరాల్లోని రిట్రీట్లలో మాత్రం పూసేవాళ్లంతా 'షమన్'లే. వాళ్లెవరో, ఎక్కడ నేర్చుకున్నారో వచ్చినవాళ్లకు తెలిసే అవకాశం చాలా తక్కువ.

ల్యాబ్‌కు చేరిన కప్ప పుల్ల

బయటి ప్రపంచం దీని గురించి రాయడం 1925లో మొదలైంది. ఫ్రెంచ్ మతప్రచారకుడు కాన్‌స్టాంటిన్ టాస్టెవిన్ కషినావాల దగ్గర ఈ ఆచారాన్ని చూసి నమోదు చేశారు. ఆ తర్వాత దశాబ్దాల పాటు పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 1980ల్లో అమెరికన్ జర్నలిస్టు పీటర్ గోర్మన్ మట్సేస్‌ల దగ్గరకు వెళ్లి, స్వయంగా పూయించుకుని, ఆ అనుభవాన్ని రాశారు. అంతటితో ఆగలేదు. ఎండిన స్రావం ఉన్న పుల్లలను శాస్త్రవేత్తలకు అందేలా చేశారు.

అమెరికా నేషనల్ ఇన్‌స్టిట్యూట్స్ ఆఫ్ హెల్త్‌లో కప్ప విషాలపై ఎన్నో ఏళ్లు పనిచేసిన జాన్ డేలీ బృందం 1992లో అడినోరెగ్యులిన్ అనే పెప్టైడ్‌ను గుర్తించింది. పెప్టైడ్ అంటే ప్రొటీన్ ముక్క అనుకోవచ్చు. మరుసటి ఏడాదే రోమ్‌లో విట్టోరియో ఎర్‌స్పామెర్ బృందం పూర్తి విశ్లేషణ బయటపెట్టింది. ఎర్‌స్పామెర్ అంటే మామూలు వ్యక్తి కాదు.. ఇవాళ అందరూ మాట్లాడుకునే సెరటోనిన్‌ను 1930ల్లోనే తొలిసారి గుర్తించిన శాస్త్రవేత్త. గోర్మన్ రాసిన చాలా లక్షణాలకు ఆ స్రావంలో ఏదో ఒక పెప్టైడ్ సమాధానంగా దొరికింది.

కడుపులో తిప్పడం, వాంతులు, విరేచనాలకు కారణం ఫిల్లోసెరులిన్. మన పేగులు, పిత్తాశయం పనిచేయడానికి శరీరమే తయారు చేసుకునే ఓ హార్మోన్‌ను ఇది అచ్చు గుద్దినట్టు అనుకరిస్తుంది. ఫిల్లోమెడుసిన్ కూడా పేగుల కండరాలను గట్టిగా బిగిస్తుంది. ఫిల్లోకైనిన్ రక్తనాళాలను వెడల్పు చేసి బీపీని పడేస్తుంది. మొహం ఎర్రబడటం, ఒళ్లంతా సెగలు రావడం, కళ్లు తిరగడం దీని వల్లే. సావజిన్ అనేది ఒత్తిడి సమయంలో మెదడు విడుదల చేసే హార్మోన్ లాంటిది. ఇక డెర్మార్ఫిన్, డెల్టార్ఫిన్.. ఇవి మార్ఫిన్ తరహాలో నొప్పిని అణిచేసేవి. డెర్మార్ఫిన్ అయితే మార్ఫిన్ కంటే ఎన్నో రెట్లు శక్తిమంతమైనది. వాంతుల తుపాను తగ్గాక వచ్చే ఆ మత్తు, హాయి, 'నాకేం కాదు' అన్న ధీమా వెనక ఉన్నది ఇవేనని శాస్త్రవేత్తల అంచనా.

చర్మం ఎందుకు కాలుస్తారన్నదానికీ ఇక్కడే జవాబు ఉంది. పెప్టైడ్‌లు మింగితే కడుపులో అరిగిపోతాయి. మామూలు చర్మం మీద రాస్తే లోపలికి పోవు. పైపొర కాల్చి తీసేస్తే మాత్రం నేరుగా రక్తంలో కలుస్తాయి. సిరంజి లేని ఇంజెక్షన్ అన్నమాట! రసాయన శాస్త్రం తెలియకుండానే ఈ కిటుకు కనిపెట్టిన అడవి మనుషుల పరిశీలనకు దండం పెట్టాల్సిందే.

ఆ పచ్చటి ద్రవం 'విషం' కాదు.. పసరు!

అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. రిట్రీట్లలో బకెట్‌లో పడిన పసుపు, ఆకుపచ్చ రంగు ద్రవాన్ని చూపించి, 'ఇదిగో మీ ఒంట్లో ఇన్నేళ్లుగా పేరుకుపోయిన విషం' అంటారు. కానీ ఖాళీ కడుపుతో గట్టిగా వాంతులైతే ఎవరికైనా వచ్చేది అదే. మన ఇళ్లలో పసరు వాంతులు అంటారు కదా, అదే ఇది. పిత్తాశయాన్ని పిండే పెప్టైడ్ ఒంట్లోకి ఎక్కిస్తే పసరు రాక ఏమొస్తుంది? శరీరంలో పేరుకునే వ్యర్థాలను బయటకు పంపే పని కాలేయం, మూత్రపిండాలది. అవి వాంతిలో రావు. ఇక్కడ శరీరం వదిలించుకోవాలని చూస్తున్నది పాత విషాన్ని కాదు, పది నిమిషాల క్రితం భుజం మీద పూసిన కొత్త విషాన్ని.

దీన్ని మన ఆయుర్వేదంలోని వమనంతో పోల్చేవాళ్లూ ఉన్నారు. వాంతి అన్నది తప్ప రెండింటికీ సంబంధం లేదు. వాడే పదార్థం వేరు, ఒంట్లోకి వెళ్లే దారి వేరు.

మరి కాంబో తర్వాత చాలామంది 'తేలికైపోయాం' అని చెప్పేది అబద్ధమా? కాకపోవచ్చు. నొప్పిని అణిచే పెప్టైడ్‌లు, ఒత్తిడి హార్మోన్లు, పెద్ద కష్టం దాటామన్న ఉపశమనం.. అన్నీ కలిస్తే మనసు తేలికపడటంలో ఆశ్చర్యం లేదు. అయితే తేలికపడటం వేరు, జబ్బు నయమవడం వేరు. డిప్రెషన్, మైగ్రేన్, క్యాన్సర్, వ్యసనాలు.. ఏ ఒక్కదాన్నీ కాంబో నయం చేస్తుందని క్లినికల్ ట్రయల్స్‌లో రుజువు కాలేదు.

ప్రాణాల మీదకు వచ్చేది ఎప్పుడు?

అడవిలో అయినా, నగరంలో అయినా కాంబో పూసిన నిమిషాల్లోనే గుండె దడ మొదలవుతుంది. బీపీ కిందా మీదా అవుతుంది. పెదాలు, కళ్లు ఉబ్బుతాయి. చాలామందిలో అరగంట, గంటలో తీవ్రత తగ్గిపోతుంది. కానీ గుండె జబ్బు ఉన్నవాళ్లకు, అది ఉన్నట్టు తమకే తెలియనివాళ్లకు ఈ కాసేపే చాలు. 2019లో ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రం ముల్లంబింబీలో ఓ మహిళ కాంబో పూసుకున్న కాసేపటికే కుప్పకూలి చనిపోయింది. 2021లో అదే రాష్ట్రం ఉత్తర భాగంలో జరిగిన ఓ రిట్రీట్‌లో ఓ వ్యక్తి కాంబోతో పాటు అయవాస్కా అనే మరో అమెజాన్ పానీయం కూడా తీసుకున్నాడు. తీవ్రమైన వాంతులకు ఆహారనాళం చిరిగిపోయింది. గంటల తరబడి బాధపడ్డాక గానీ అంబులెన్స్ రాలేదు. అప్పటికే ఆలస్యమైపోయింది. 2024 డిసెంబర్‌లో మెక్సికోలోని డురాంగోలో ఓ రిట్రీట్‌లో కాంబో తీసుకున్న యువ నటి తీవ్ర విరేచనాల తర్వాత ప్రాణాలు కోల్పోయినట్టు అక్కడి మీడియా వెల్లడించింది.

ఈ ఘటనలు చూస్తే ఓ విషయం అర్థమవుతుంది. కాంబోలో పెద్ద ప్రమాదం విషం ఒక్కటే కాదు, ఆ విషం లక్షణాలకు పెట్టిన పేరు కూడా. వాంతి అయితే 'శుద్ధి', మొహం ఉబ్బితే 'కప్ప మొహం', స్పృహ తప్పితే 'లోపలి ప్రయాణం'. ఇలా ప్రతిదానికీ ముందే ఓ అర్థం చెప్పేస్తే, పక్కనున్నవాళ్లకు అసలు ప్రమాదం ఎప్పుడు మొదలైందో ఎలా తెలుస్తుంది? ఛాతీలో విపరీతమైన నొప్పి, శ్వాస అందకపోవడం, మూర్ఛ, పిలిచినా పలకకపోవడం.. ఇవి శుద్ధి కాదు, అంబులెన్స్‌కు ఫోన్ చేయాల్సిన లక్షణాలు.

నీళ్ల సంగతి కూడా చెప్పుకోవాలి. కాంబోకు ముందు, మధ్యలో లీటర్ల కొద్దీ నీళ్లు తాగిస్తారు. నీళ్లే కదా, ఏమవుతుందిలే అనుకుంటాం. కానీ అతిగా నీళ్లు తాగితే రక్తంలో సోడియం పడిపోతుంది. పైగా కాంబో వల్ల ఒంట్లో నీటిని పట్టి ఉంచే హార్మోన్ అదుపు తప్పిన కేసు కూడా వైద్య పత్రికల్లో నమోదైంది. సోడియం బాగా పడిపోతే మెదడు వాపు, ఫిట్స్, కోమా దాకా వెళ్లొచ్చు. గుండె జబ్బులు, బీపీ, ఫిట్స్ ఉన్నవాళ్లు, గర్భిణులు, మానసిక సమస్యలకు మందులు వాడేవాళ్లు దీని జోలికే వెళ్లకూడదన్నది డాక్టర్ల హెచ్చరిక.

ఆస్ట్రేలియా ఔషధ నియంత్రణ సంస్థ టీజీఏ 2021 అక్టోబర్‌లో కాంబోను షెడ్యూల్ 10లో చేర్చింది. అంటే అమ్మకం, సరఫరా, వాడకం అన్నీ నిషేధం. అక్కడ ఉంటున్న మన తెలుగువాళ్లు ఎవరైనా రిట్రీట్ ప్రకటన చూసి ముచ్చట పడితే ఈ సంగతి గుర్తుంచుకోవడం మంచిది.

ఆ కప్ప కాదు.. ఈ కప్ప వేరు

'కప్పను నాకితే మత్తెక్కుతుంది' అన్న వార్తలు మీరు చూసే ఉంటారు. అది దీని గురించి కాదు. అమెరికా, మెక్సికో సరిహద్దుల్లోని సోనోరన్ ఎడారిలో ఉండే ఓ గోదురుకప్ప గురించి. దాని విషంలో భ్రమలు కలిగించే ఓ తీవ్రమైన మత్తు పదార్థం ఉంటుంది. 2022లో అమెరికా నేషనల్ పార్క్ సర్వీస్ 'దయచేసి ఆ కప్పలను నాకకండి' అని పోస్టు పెట్టడం తెగ వైరల్ అయింది. కాంబోతో అలాంటి రంగురంగుల భ్రమలేవీ రావు. వచ్చేది వాంతులే.

అన్నట్టు, ఈ జాతి కప్పల స్రావంలో ఉండే ఓ పదార్థం గుర్రప్పందేల్లోకి కూడా దూరింది. 2012లో అమెరికాలో పలు రాష్ట్రాల్లో రేసు గుర్రాలకు డెర్మార్ఫిన్ ఇచ్చినట్టు పరీక్షల్లో బయటపడింది. నొప్పి తెలియకుండా పరిగెత్తించడానికి ఈ పని చేశారు. దెబ్బ తగిలిన కాలితోనే గుర్రం పరిగెడితే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు.

కప్ప ఎవరిది? జ్ఞానం ఎవరిది?

కాంబో నగరాలకు చేరడానికి దారి వేసింది రబ్బరు కార్మికులు. అక్రే అడవుల్లో రబ్బరు పాలు తీసేవాళ్లు కటుకినాల దగ్గర దీన్ని నేర్చుకున్నారు. వాళ్ల ద్వారా క్రూజెయిరో దో సుల్ లాంటి పట్టణాలకు, 1990ల్లో సావో పాలో లాంటి మహానగరాలకు, అక్కడి నుంచి యూరప్, అమెరికాలకు పాకింది. ఈలోగా ఈ స్రావంలోని పెప్టైడ్‌ల మీద విదేశాల్లో పేటెంట్లు కూడా పుట్టుకొచ్చాయి.

దీంతో కటుకినాలు 2003లో అప్పటి బ్రెజిల్ పర్యావరణ మంత్రి మరీనా సిల్వాకు లేఖ రాశారు. తమ కంపోను ఎవరెవరో వాడుకుంటున్నారని, దానిపై తమ హక్కు ఏంటో తేల్చాలని అడిగారు. మరీనా సిల్వాది కూడా అక్రే రాష్ట్రమే.. రబ్బరు కార్మికుల కుటుంబంలో పుట్టిన నాయకురాలు. మరుసటి ఏడాది, అంటే 2004 ఏప్రిల్‌లో బ్రెజిల్ ఆరోగ్య నియంత్రణ సంస్థ అన్వీసా కాంబో చికిత్సా గుణాల పేరుతో చేసే ప్రచారాన్ని నిషేధించింది. తెగలు తమ ఊళ్లలో వాడుకోవడంపై ఏ అడ్డూ లేదు.

కానీ హక్కుల లెక్క అంత సులువుగా తేలలేదు. కప్ప ఒక్క తెగ అడవిలోనే ఉండదు. ఒక్క దేశంలోనూ ఉండదు. దాన్ని వాడే తెగలు కూడా చాలా ఉన్నాయి. లాభం వస్తే వాటా ఎవరికివ్వాలి? పుల్ల మీద స్రావాన్ని ఆరబెట్టడం మొదట కనిపెట్టిన వేటగాడి పేరు ఏ రికార్డులోనూ లేదు మరి. బ్యాక్టీరియాను చంపే డెర్మాసెప్టిన్‌ల మీద, నొప్పిని తగ్గించే డెర్మార్ఫిన్ మీద ల్యాబుల్లో పరిశోధనలు చాలానే జరిగాయి. వాటి నుంచి మందుల షాపుకు చేరిన మందు మాత్రం ఇంతవరకు లేదు.

మట్సేస్‌లు మరో దారి ఎంచుకున్నారు. 2015లో ఆ తెగ పెద్దలు తమ అడవి వైద్యం మొత్తాన్ని 500 పేజీల గ్రంథంగా రాయించారు. అది మట్సేస్ భాషలో మాత్రమే ఉంది. ఇంగ్లిష్‌లోకో, స్పానిష్‌లోకో అనువదించకూడదని ముందే నిర్ణయించుకున్నారు. మొక్కల శాస్త్రీయ నామాలు, గుర్తుపట్టేందుకు వీలయ్యే ఫొటోలు కూడా అందులో పెట్టలేదు. తమ పిల్లలు తప్ప బయటివాళ్లెవరూ దాన్ని చదివి ఉపయోగించుకోలేని విధంగా తయారు చేసుకున్నారు.